ధ్రువకాంతుల రాక దేనిపై ఆధారపడుతుంది?

సూర్యుడిపై భారీ విస్ఫోటం జరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఈ రాత్రి ధ్రువకాంతులు, అంటే ధ్రువాల దగ్గరి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగులు (అరోరా), కనిపిస్తాయా అని చాలామంది అడుగుతారు. దానికి జవాబు విస్ఫోటం పరిమాణంలో కన్నా, అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఏ దిక్కుకు తిరిగి ఉందన్న దానిలోనే ఎక్కువగా ఉంది.

సూర్యుడి నుంచి వెలువడిన ప్లాస్మా (విద్యుదావేశం గల కణాల) మేఘం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని చేరుతుంది. దానిలోని క్షేత్రపు ఉత్తర దక్షిణ అంశాన్ని 'బీజెడ్' అంటారు. సూర్యుడికి అభిముఖంగా ఉన్న మన అయస్కాంత కవచపు అంచులో క్షేత్రరేఖలు ఉత్తరం వైపు సాగుతాయి కనుక, వచ్చే క్షేత్రం కూడా ఉత్తరముఖంగా ఉంటే మేఘం ఎంత వేగంగా వచ్చినా అందులోని శక్తి చాలావరకు పక్కలనుంచి జారిపోతుంది. అదే దక్షిణముఖంగా ఉంటే, ఎదురెదురు రేఖలు తెగి ఒకదానితో ఒకటి కొత్తగా ముడిపడతాయి. 1961లో భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ డంజీ వివరించిన ఈ పునస్సంధానమే గడియ తీసే చెయ్యి. అలా ముడిపడిన రేఖలను సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి ఎడతెగక వీచే కణాల ప్రవాహం, రాత్రి వైపు సాగిన పొడవాటి అయస్కాంత తోకలోకి ఈడ్చుకుపోతుంది. అక్కడ పేరుకున్న శక్తి మరో పునస్సంధానంతో విడుదలై, కణాలను వెనక్కి, భూమి వైపు తరుముతుంది. సూర్యకణాలు తిన్నగా వచ్చి ధ్రువాలపై పడతాయని మాత్రమే బోధిస్తే, ఇంత అద్భుతమైన మలుపు విద్యార్థులకు దక్కకుండా పోతుంది.

దిగివచ్చే ఎలక్ట్రాన్ల తాకిడికి 100 కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ పరమాణువులు 557.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఆకుపచ్చ కాంతిని, 200 కిలోమీటర్లు దాటాక 630 నానోమీటర్ల ఎరుపును వెలువరిస్తాయి. ఎరుపు వెలువడడానికి ఉత్తేజిత పరమాణువుకు సగటున దాదాపు రెండు నిమిషాలు కావాలి. కింది దట్టమైన గాలిలో ఆలోపే అది మరో కణాన్ని ఢీకొని ఆ శక్తిని కోల్పోతుంది. ధ్రువాలకు దూరంగా ఉన్నవారికి క్షితిజంపై ఎత్తయిన ఎర్రటి భాగమే ఎక్కువగా కనిపించడానికి కారణమిదే. ఆ రంగును రక్తపాతానికి శకునమని తలచి భయపడిన తరాలకు ఈ వివరం అందలేదు.

బీజెడ్‌ను ముందుగా నమ్మకంగా చెప్పే మార్గం ఇంకా లేదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 బిందువు వద్ద ఉన్న ఏస్, ఆదిత్య-ఎల్1 వంటి అంతరిక్ష నౌకలను మేఘం తాకినప్పుడే దాని దిశ తెలుస్తుంది. సెకనుకు 500 కిలోమీటర్ల వేగంతో వచ్చే మేఘానికి అక్కడి నుంచి ఇక్కడికి 50 నిమిషాలే ప్రయాణం. అందరూ చూసే కేపీ సూచిక భూమి అయస్కాంత క్షేత్రంలోని మూడేసి గంటల అలజడిని 0 నుంచి 9 వరకు కొలిచేది కాబట్టి, ఈ క్షణంలో బయటికి వెళ్లాలా వద్దా అన్నది అది చెప్పలేదు. 2003 అక్టోబరు తర్వాత 2024 మే 10న మొదటిసారి అత్యున్నత జీ5 స్థాయి భూఅయస్కాంత తుఫాను వచ్చినప్పుడు దక్షిణముఖ క్షేత్రం బలంగా, గంటల తరబడి నిలిచింది. బీజెడ్ (మైనస్ గుర్తు దక్షిణముఖానికి, నానోటెస్లా క్షేత్ర బలానికి కొలమానం) మైనస్ 10 నానోటెస్లాల కంటే దిగువన అరగంటకు పైగా స్థిరపడితే, మబ్బూ వెన్నెలా లేని చీకటి చోటికి అధిక అక్షాంశాలవారు వెంటనే బయలుదేరడం మంచిది; అది తిరిగి ఉత్తరానికి మళ్లితే వెలుగులు క్రమంగా సన్నగిల్లుతాయి.