ప్లేటు డాబా మీద, లైటు వసారాలో

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మీరిద్దరూ దాచుకున్న డబ్బులతో నాలుగు సోలార్ లైట్లు కొని వసారా చూరుకి వేలాడదీశారు, గుర్తుందా? కొన్నరోజు వాకిట్లో ఎండలో ఉంచాం కాబట్టి మొదటి రాత్రి బాగానే వెలిగాయి. మూడో రాత్రి తొమ్మిదింటికే కునుకేశాయి. "సోలార్ అంటే ఇంతే తాతయ్యా, వేస్ట్" అని బుజ్జిగాడు తేల్చేశాడు. అప్పుడు నేనేమీ ఎదురు చెప్పలేదు, నాకూ తెలీదు కనుక. మీరు వెళ్ళాక ఒకటి విప్పి చూశాను. దాని తప్పేం లేదు. దాని నెత్తిమీద ఉన్న బుల్లి ప్లేటుకి ఎండ తగలాలి, మనమేమో తీసుకెళ్ళి రేకుల కింద కట్టాం. అన్నం పెట్టకుండా పని చెయ్యమన్నట్టుంది.

వసారాకి ఉన్న చిక్కే అది. లైటు కావలసింది నీడలో, ప్లేటు ఉండాల్సింది ఎండలో. రెండూ ఒకే డబ్బాలో ఉన్న లైటు తోటలోకో ప్రహరీ గోడ మీదికో పనికొస్తుంది గానీ వసారాకి పనికిరాదు. అందుకని ఈసారి విడివిడిగా తెచ్చాను. 10 వాట్ల ప్లేటు డాబా మీద, 3 వాట్ల ఎల్ఈడీ బల్బు వసారాలో. బ్యాటరీ, దాంట్లోకి వచ్చే కరెంటుని అదుపు చేసే చార్జ్ కంట్రోలర్ కిటికీ పక్క గూట్లో. మధ్యలో వైరు.

ఆ ప్లేటు సంగతి ముందు చెప్పాలి. నల్లగా గళ్ళు గళ్ళుగా ఉంటుంది కదా, ఒక్కో గడి సిలికాన్ పలక. సిలికాన్ అంటే ఇసుకలోంచి తీసేదే. దాని మీద వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్లు కదిలి ఒక్కో గడి సుమారు అర వోల్టు ఇస్తుంది. మన ప్లేటులో 36 గళ్ళున్నాయి, అన్నీ కలిస్తే 18 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీకి 18 ఎందుకంటావా చిన్నీ? నీళ్ళు ఎత్తు నుంచి పల్లానికే పారతాయి. ప్లేటు వోల్టేజీ ఎక్కువుంటేనే బ్యాటరీలోకి కరెంటు పారుతుంది. మబ్బు పట్టి కాస్త తగ్గినా పారాలి కదా.

ఇలాంటి సిలికాన్ గడిని 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్ళు మొదట అందరికీ చూపించారు. ఎలా చూపించారో తెలుసా? ఒక బొమ్మ రంగులరాట్నాన్ని ఎండ కరెంటుతో తిప్పి! అప్పటి గడి తన మీద పడిన వెలుగులో 6 శాతాన్నే కరెంటుగా మార్చేది. ఇప్పుడు మంచి ప్లేట్లు 20 శాతం దాటాయి.

ఇక లెక్క. బుజ్జీ, పెన్సిలు తీసుకో. మన వైపు మంచి ఎండ రోజున నిండు ఎండ 5 గంటలున్నట్టు లెక్కేస్తారు. 10 వాట్లు, 5 గంటలు అంటే 50 వాట్-అవర్లు. వేడికి, దుమ్ముకి, వైరుకి, కంట్రోలర్‌కి మూడో వంతు పోతుందనుకో, 33 మిగిలాయి. ఇప్పుడు ఖర్చు. సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా 3 వాట్లు, అంటే 12. ఆ తర్వాత తెల్లారేదాకా అర వాటుతో మసక వెలుతురు, ఇంకో 4. మొత్తం 16. వచ్చేదాంట్లో సగమే ఖర్చవుతోందన్నమాట. అయినా పెద్ద బల్బు పెట్టలేదు నేను. శ్రావణ, భాద్రపదాల్లో ముసురు పడితే ప్లేటు నుంచి దాదాపు ఏమీ రాదు. మన బ్యాటరీ 12.8 వోల్టులు, 6 ఆంపియర్-అవర్లు (6 ఆంపియర్ల కరెంటు గంటసేపు ఇవ్వగలదన్నమాట), గుణిస్తే 77 వాట్-అవర్ల దాకా పడుతుంది. నాలుగు రోజులు సూర్యుడు మొహం చూపకపోయినా నాయనమ్మ వసారాలో కూర్చుని ఆకుకూర ఒలుచుకోవచ్చు.

అంతా లెక్క ప్రకారం చేశానని మురిసిపోతుంటే కార్తీకమాసం చివర లైటు మళ్ళీ ఎనిమిదింటికే నీరసించింది. బ్యాటరీ పోయిందనుకున్నాను. షాపతనూ అదే అన్నాడు, కొత్తది కొనమన్నాడు. డబ్బులు తీసేముందు ఎందుకో డాబా ఎక్కి చూశాను. ప్లేటు మీద నీళ్ళ ట్యాంకు నీడ!

జూన్‌లో బిగించినప్పుడు అక్కడ నీడే లేదు. ఉండదు కూడా. మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరంగా 16 డిగ్రీల మీద ఉంది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, జూన్‌లో కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబర్‌లో దక్షిణానికి బాగా దిగిపోతాడు. అప్పుడు ఆరడుగుల ట్యాంకు నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరంగా ఐదడుగులు పాకుతుంది. నా ప్లేటు ట్యాంకుకి ఉత్తరాన మూడడుగుల్లో ఉంది. సూర్యుడు ఎటు పోతాడో డెబ్భై ఏళ్ళుగా చూస్తున్న నాకే ఆ సంగతి తట్టలేదు.

నీడ పడింది ప్లేటులో ఓ మూలకే. మిగతా ముప్పాతిక ఎండలోనే ఉంది. అయినా కరెంటు ఎందుకు పడిపోయింది? గళ్ళన్నీ వరసగా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. పొలం బోదెలో ఒకచోట చెత్త అడ్డుపడితే కాలవంతా నీళ్ళున్నా చివరి మడికి చేరవు చూడు, అదే ఇక్కడ జరిగింది. ప్లేటు మీద ఒక్క ఎండుటాకు అతుక్కున్నా అంతే. ట్యాంకుకి దక్షిణంగా పిట్టగోడ మీదికి మార్చాను, రెండు రోజుల్లో బ్యాటరీ కోలుకుంది.

ప్లేటు మొహం దక్షిణానికి పెట్టి, వెనక వైపు నాలుగు వేళ్ళ ఎత్తు లేపాను. ఆ మూర పొడవు లేని ప్లేటుకి అంత ఎత్తు చాలు, 16 డిగ్రీల వాలు వచ్చేస్తుంది. వాన పడితే దుమ్మూ జారిపోతుంది. పావురాలు రెట్ట వేస్తే మాత్రం మనమే తడిగుడ్డతో తుడవాలి. పొద్దున్నే తుడవాలి, ఎండకి కాలినప్పుడు కాదు.

చీకటి పడగానే లైటు దానంతటదే ఎలా వెలుగుతుందని చిన్నీ అడిగింది కదా. మన దాంట్లో వేరే కన్నేదీ లేదు, ప్లేటే కన్ను. దాని వోల్టేజీ పడిపోతే పొద్దుగూకిందని కంట్రోలర్ గ్రహిస్తుంది. పట్టపగలు ప్లేటు మీద దుప్పటి కప్పి చూడు, కాసేపటికి లైటు వెలుగుతుంది. ఇందుకే ప్లేటుని వీధిలైటు కింద పెట్టకూడదు, పాపం దానికి తెల్లారిందో లేదో తెలీదు.

బల్బు పసుపుపచ్చ వెలుతురుది తెచ్చాను, పెట్టె మీద వెలుగు రంగు చెప్పే అంకె 3000 అని ఉంటుంది. తెల్లగా మెరిసే 6500 బల్బులో నీలి వెలుగు ఎక్కువ. తొలకరికి ఉసిళ్ళన్నీ దాని చుట్టూ మూగుతాయి, వాటికోసం బల్లులొస్తాయి, బల్లుల్ని చూసి చిన్నీ లోపలికి పరిగెడుతుంది. బల్బుకి కిందికి తిరిగిన చిప్ప కూడా తగిలించాను. మెట్లు కనబడితే చాలు, ఎదురింటివాళ్ళ మంచాల మీద మన వెలుగు పడక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. 12 వోల్టులు షాక్ కొట్టదని బ్యాటరీతో ఆటలాడకండి. ప్లస్, మైనస్ రెండూ ఒక మేకు తగిలి కలిస్తే ఆ మేకు క్షణాల్లో కాలిపోయేంత వేడెక్కుతుంది. అందుకే మధ్యలో ఫ్యూజు పెట్టించాను. గూడు తలుపు నేను లేకుండా తియ్యకూడదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రంగు సుద్దముక్కలు తెండి. మీ పాత లైట్లు నాలుగూ దాచే ఉంచాను, వాటిని ప్రహరీ మీద పెడదాం. ముందు పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి గోడ మీద ఏ నీడ ఎక్కడిదాకా వస్తుందో మీరిద్దరూ గీతలు గియ్యాలి. గీత తగలని చోటే మేకు కొడతాను. వేపచెట్టు కొమ్మ ఒకటి కొట్టేస్తే సుళువే గానీ, నాయనమ్మ ఒప్పుకోవడం లేదు.

మీ తాతయ్య