బావి దగ్గర రిబ్కా: పాత తైలవర్ణ చిత్రంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: బావి, కడవ, ఓ ఆడపిల్ల, ఎదురుగా మగమనిషి ఉంటే అది రిబ్కా (బైబిల్లో అబ్రాహాము కొడుకు ఇస్సాకును పెళ్లాడిన అమ్మాయి) బొమ్మే.

వాస్తవం: బైబిల్లో ఇలాంటి బావి కథలు ఇంకా ఉన్నాయి. గొర్రెల మంద కనిపిస్తే యాకోబు, రాహేలు కావచ్చు. మగమనిషి యేసైతే ఆమె సమరయ స్త్రీ. రిబ్కా బొమ్మలో పెళ్లికొడుకు ఇస్సాకు ఉండడు. సంబంధం చూడ్డానికి అబ్రాహాము పంపిన పెద్ద దాసుడు నగలు పట్టుకుని ఉంటాడు. అతన్ని ఎలీయెజెరు అంటుంటారు గానీ, ఆ పేరు బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండము 15వ అధ్యాయంలోది. పెళ్లి కథ నడిచే 24వ అధ్యాయంలో అతనికి పేరే లేదు.

అపోహ: ఒంటెలు లేకపోతే ఇది ఆ కథ కాదు.

వాస్తవం: కథలో పది ఒంటెలున్నాయి. ఫ్రెంచి చిత్రకారుడు పూసె 1648లో వేసిన చిత్రంలో (ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది) ఒక్కటీ లేదు. 1668లో పారిస్ చిత్రకళా అకాడమీలో షాంపేన్ అనే చిత్రకారుడు దాన్ని తప్పుపడితే, ల బ్రన్ అనే మరో చిత్రకారుడు పూసెను వెనకేసుకొచ్చాడు. అందుకే ముందు నగ చూడాలి. తెలుగు బైబిల్లో అది అరతులం ముక్కు కమ్మి. లాటిన్ బైబిల్లో చెవిపోగులు. యూరప్ బొమ్మల్లో ముక్కు నగ కోసం వెతికి లాభం లేదు.

అపోహ: నల్లబడింది మురికే. కోసిన బంగాళాదుంపతోనో సబ్బునీళ్లతోనో రుద్దితే పోతుంది.

వాస్తవం: పైన ఉన్నది దుమ్ము, పొగ. దాని కింద గోధుమరంగుకు తిరిగింది డామర్ లేదా మాస్టిక్ (రెండూ చెట్ల బంకలే) వార్నిష్. రెండూ ఒకే మందుకు లొంగవు. నీళ్లు పగుళ్లలోంచి దిగితే కాన్వాసుకు పూసిన చర్మపు జిగురు ఉబ్బుతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. దుంపలోని పిండి పగుళ్లలో మిగిలితే బూజుకు మేత. పాత చిత్రాలు బాగుచేసే పనివాళ్లు ముందు ఫ్రేము కింద దాగే అంచున, అర సెంటీమీటరు మేర, దూదిపుల్లతో పరీక్షిస్తారు. దుమ్ముకు మొదట వాడేది లాలాజలం (నవ్వకండి, అందులోని ఎంజైములు బాగా పనిచేస్తాయి). వార్నిష్‌కు ద్రావకాలు, తక్కువ ఘాటువాటితో మొదలుపెట్టి. దూదికి రంగు అంటిందా, అక్కడే ఆపాలి. అతిగా రుద్దితే ముందు పోయేవి వెనక చీకట్లో పలచగా వేసిన ఆకారాలు, బట్టల మడతల నీడలు. మీ బొమ్మలో ఒంటె లేదంటే చిత్రకారుడు వెయ్యలేదనే కాదు, ఎవరో తుడిచేసి ఉండవచ్చు కూడా.

అపోహ: పగుళ్లుంటే అసలైన పాతదే.

వాస్తవం: పాత చిత్రాలకు నకిలీలు వేసిన డచ్ చిత్రకారుడు వాన్ మీగరన్ వాటిని ఓవెన్‌లో కాల్చి, గుండ్రటి రోలరు మీద చుట్టి పగుళ్లు తెప్పించాడు. ముందు పదిరెట్ల భూతద్దంతో చూడండి: కుంచె గీతలకు బదులు రంగు చుక్కలుంటే అది అచ్చు బొమ్మ.

అపోహ: చీకట్లో దాస్తే భద్రం.

వాస్తవం: తైలవర్ణాల్లో కలిపే అవిసె నూనె చీకట్లోనే ఎక్కువ పచ్చబడుతుంది. నేరుగా ఎండ పడని లోపలి గోడకు తగిలించి, గాలి ఆడేలా ఫ్రేము కింది రెండు మూలల వెనక బిరడా ముక్కలు పెట్టండి.