తాకాక చెప్పే ఊరు

పిల్లలూ,

జపాను పల్లెబడిలో ఇంగ్లీషు చెప్పడానికి పరాయి దేశం నుంచి వెళ్ళే టీచర్ల సంగతి వచ్చినప్పుడు మీలో ఒకరు అడిగారు: "అక్కడ టీచరమ్మ కూడా బడి ఊడుస్తుందట, నిజమేనా తాతయ్యా?" నిజమే. ఊడవడమే కాదు, తడిగుడ్డ పెట్టి తుడుస్తుంది కూడా. రోజూ ఓ పావుగంట పిల్లలూ టీచర్లూ కలిసి చేసే పని అది. ఆ గుడ్డను జోకిన్ అంటారు. రెండు చేతులూ దాని మీద ఆనించి, వంగి, వసారా ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతారు.

1987లో మొదలైన జెట్ అనే ప్రభుత్వ పథకం కింద ఇలా చాలామంది వెళుతున్నారు. ఎక్కువమంది దిగేది జూలై చివర, ఆగస్టుల్లో. అప్పుడు బడికి సెలవులు. పిల్లలు లేని బడిలో బల్ల ముందు కూర్చోవడమే మొదటి ఉద్యోగం!

మా చిన్నప్పుడు కొత్త కోడలు కాపురానికి వస్తే ఏ చెంబు తాకొచ్చో, ఏది తాకకూడదో ఎవరూ చెప్పేవారు కాదు. తాకాక చెప్పేవారు. ఈ టీచరు పరిస్థితీ అంతే.

చెప్పులే చూడండి. గుమ్మం లోపల కాస్త పల్లంగా ఉండే చోటు గెన్‌కాన్. బయటి జోళ్ళు అక్కడే విప్పి, మెట్టెక్కి, ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. తతామి చాప పరిచిన గదిలోకి ఆ చెప్పులూ పనికిరావు. మరుగుదొడ్డికి వేరే జత. దాంతోనే మళ్ళీ వసారాలోకి రావడం కొత్తవాళ్ళందరూ చేసే తప్పు. బడిలో వేసుకునే జోళ్ళు ఉవబాకి, ఆటల హాలుకు ఇంకో జత. మడిబట్ట, మైలబట్ట గుర్తొచ్చాయి నాకు.

తరువాత చెత్త. ఊరి పేరు అచ్చేసిన సంచులు కొట్లో కొనాలి. కాలే చెత్తకు ఒక రోజు, సీసాలకు ఇంకో రోజు. ప్లాస్టిక్ సీసా అయితే మూత తీసి, చుట్టూ ఉన్న లేబులు ఒలిచి, కడిగి, నలిపి వేయాలి. రాత్రే పెడితే కాకులు చీలుస్తాయి గనక పొద్దున్నే పెట్టాలి. తప్పు కలిపితే సంచి మీద చీటీ అతికించి అక్కడే వదిలేస్తారు. అది ఎవరి సంచో ఊరంతటికీ తెలుసు, పరాయివాళ్ళు ఒక్కరే గదా! తొకుషిమాలో కమికత్సు అనే కొండపల్లెలోనైతే చెత్తను 40కి పైగా రకాలుగా విడదీస్తారు.

మధ్యాహ్నం తెల్ల టోపీలు పెట్టుకుని పిల్లలే వడ్డిస్తారు. టీచరుకూ అదే భోజనం. పిల్లలకంటే ముందు హెడ్మాస్టరు తిని చూడాలి. శాకాహారులు మాత్రం ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే చూడ్డానికి ఉత్త కూరగాయల చారులా ఉన్నా అందులో చేపల రసం ఉంటుంది.

అసలు పరీక్ష చలికాలం. చాలా ఇళ్ళలో హీటరు వెలిగించిన గది ఒక్కటే వెచ్చన. 18 లీటర్ల ఎర్ర డబ్బాలో కిరోసిన్ తెచ్చి హీటరులో పోస్తారు. గంటకోసారి కిటికీ తెరవకపోతే విషవాయువు పోగవుతుంది. పోయినేడు మిగిలిన కిరోసిన్ వాడకూడదు, పాతబడి హీటరును పాడుచేస్తుంది.

నీటి గొట్టాల సంగతి ఇంకా తమాషా. బాగా చలి పడే ఊళ్ళలో, చలి సుమారు సున్నాకు 4 డిగ్రీలు కిందికి పోతుందంటే, పడుకునే ముందు నీళ్ళు దించే కవాటం తిప్పి గొట్టం ఖాళీ చేయాలి. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, గొట్టం పగులుతుంది. కవాటం తిప్పి ఊరుకుంటే చాలదు, కుళాయి కూడా తెరవాలి. గాలి లోపలికి పోకపోతే నీరు కిందికి దిగదు. కొబ్బరిబోండం గొట్టంలో నీళ్ళు నింపి పైకొనను వేలితో మూసి చూడండి, తెలుస్తుంది.

కోడలి పోలిక ఇక్కడ నిలవదులెండి. కోడలు ఉండిపోతుంది. ఈ టీచరు ఒప్పందం ఏడాదికే, పొడిగించుకుంటూ పోయినా మొత్తం ఐదేళ్ళు.

ఇంతకీ ఇంగ్లీషు పాఠం చెప్పనేలేదు కదూ? జపాను పిల్లలకు మాట చివర అచ్చు లేకపోతే నోరు తిరగదు, 'న్' ఒక్కటే మినహాయింపు. మిల్క్ వాళ్ళకు 'మిరుకు', డెస్క్ 'దెసుకు', బస్ 'బసు', గ్లాస్ 'గురసు'. టీచరు ఆ కొసరు 'ఉ'ను కత్తిరించడానికి తంటాలు పడుతుంది. ఎక్కడో విన్నట్టుంది కదా? ఇవాళ సాయంత్రం మీ నాయనమ్మ చేత ఆ నాలుగు మాటలూ అనిపించి, చివర ఏమొస్తుందో చెవి పెట్టి వినండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య