రేడియాలజీలో చేరేముందు ఏం కొనాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో నేను పనిచేసే స్కానింగ్ గదికి ఏటా పీజీ సీటు ఖాయమైన యువ వైద్యులు ఇద్దరు ముగ్గురు వచ్చి, కాలేజీలో చేరేలోగా ఏ పుస్తకాలు కొనాలో చెప్పమంటారు. వాళ్లు తెచ్చే జాబితాలు మారుతుంటాయి గానీ, వాటి వెనకున్న అపోహలు మాత్రం మారడం లేదు.

అపోహ: సంపుటాలుగా వచ్చే పెద్ద గ్రంథం మొదటి రోజుకే చేతిలో ఉండాలి.

వాస్తవం: మూడేళ్ల ఎండీలో దాని అవసరం తప్పక వస్తుంది, అప్పటికి లైబ్రరీలో దొరుకుతుంది. మొదటి నెలల్లో మీ ముందుకొచ్చేవి ఛాతీ ఎక్స్‌రేలు, పొట్ట స్కానింగులు, రాత్రివేళ క్యాజువాలిటీ నుంచి వచ్చే తల సీటీలు. నేను ఎంతో మోజుపడి కొన్న రెండు సంపుటాలు ఏడాదిన్నరపాటు అలమరలోంచి దిగలేదు. ఛాతీ ఎక్స్‌రే మీద ఒక సన్నని పుస్తకం, ఒక క్రాస్ సెక్షనల్ అనాటమీ అట్లాసు (శరీరాన్ని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మల పుస్తకం) అప్పటికి సరిపోతాయి.

అపోహ: ఫిజిక్స్ పరీక్షల ముందు చదువుకోవచ్చు.

వాస్తవం: మా జిల్లాకు సంబంధించిన ఉదాహరణే చెబుతాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం నుంచి వచ్చిన రోగికి స్కానింగ్ ప్రోబ్ పెట్టినప్పుడు, పెద్దవారిలో సుమారు 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉండవలసిన కిడ్నీ కుంచించుకుపోయి, దాని కార్టెక్స్ (వెలుపలి పొర) పక్కనున్న కాలేయం కంటే తెల్లగా కనిపిస్తే దీర్ఘకాలిక జబ్బును అనుమానిస్తాం. అయితే ఆ తెలుపు కిడ్నీదా, మనం పెంచిన గెయిన్‌దా (తెరమీద బొమ్మ వెలుగును పెంచే అమరికదా) తేల్చుకోవాలంటే కిడ్నీనీ, కాలేయాన్నీ ఒకే లోతులో పోల్చి చూడాలి. ఒకవేళ కాలేయానికే కొవ్వు పట్టి ఉంటే అదే తెల్లబడి, జబ్బుపడిన కార్టెక్స్ కూడా మామూలుగా కనిపించి మోసగిస్తుంది. ధ్వని తరంగం కణజాలంలో ఎలా నడుస్తుందో తెలియనివారికి ఈ తేడా ఎన్ని బొమ్మలు చూసినా పట్టుబడదు. అందుకే చేరేముందు ఒక్కటే చదవగలిగితే అల్ట్రాసౌండ్ ఫిజిక్సే చదవమంటాను.

అపోహ: తాజా ఎడిషన్ కాకపోతే పనికిరాదు.

వాస్తవం: అనాటమీకీ, ఫిజిక్స్‌కూ సీనియర్ల పాత ప్రతులు నిక్షేపంలా పనికొస్తాయి. మారేవి వర్గీకరణలు: మెదడు కణితుల వర్గీకరణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించింది. అలాంటివాటికి మాత్రం కొత్త ప్రతినే చూడాలి.

అపోహ: వీడియో కోర్సు ఉంటే పుస్తకమే అక్కరలేదు.

వాస్తవం: వీడియోలో బాణం గుర్తు ఉంటుంది, రోగి ఫిల్ములో ఉండదు. రేడియోపీడియా వెబ్‌సైటులో ఉచితంగా దొరికే కేసులను, జబ్బు పేరు చూడకుండా తెరిచి, సొంతంగా రెండు వాక్యాల రిపోర్టు రాసుకున్నాకే జవాబు చూడండి.

ఏ జాబితాలోనూ కనిపించనిది ఒకటుంది: లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం, దాని నియమాలు. ఆ చట్టం ప్రకారం గర్భిణికి స్కానింగ్ చేసిన ప్రతిసారీ ఫారం-ఎఫ్ నింపాలి కనుక, ఖాళీ ఫారం ఒకటి సంపాదించి, చేరేముందే ఒక్కో గడీ చదివి నింపి చూడండి.