ఫిల్ముపై పోర్ట్రెయిట్లు: స్కాన్ దాచేవి, నెగెటివ్ చెప్పేవి

ఫిల్ము కెమెరాలు మళ్లీ చేతుల్లోకి వచ్చాయి, వాటితోపాటు పాత నమ్మకాలూ వచ్చాయి. వాటిలో కొన్నింటి వల్ల ఏ నష్టమూ లేదు. కొన్ని మాత్రం రోలు మీద రోలు ఖర్చవుతున్నా మనల్ని అడుగు ముందుకు పడనివ్వవు. పోర్ట్రెయిట్లు తీసేవారి నోట నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: ల్యాబ్ నుంచి స్కాన్లు బాగా వచ్చాయంటే బాగా తీసినట్టే.

వాస్తవం: స్కానరూ, దాని ముందు కూర్చున్న మనిషీ కలిసి మీ తప్పులను సర్దేస్తారు. ఒక స్టాప్ (కాంతిని రెట్టింపో సగమో చేసే ఒక మెట్టు) తక్కువగా తీసిన ఫ్రేమునూ, రెండు స్టాప్‌లు ఎక్కువగా తీసిన ఫ్రేమునూ తెర మీద ఇంచుమించు ఒకేలా కనిపించేట్టు చేయడమే వాళ్ల పని. ఫొటో చాలనుకునేవారికి అది మేలే. నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం అదే అడ్డంకి.

అందుకే నెగెటివ్‌లను తప్పకుండా అడిగి తెచ్చుకోండి. లైట్ బాక్స్ మీద పరచి భూతద్దంతో చూడండి. అక్కడ అంతా తారుమారుగా ఉంటుంది: తెల్లచొక్కా నల్లగా, నల్లటి జుట్టు పారదర్శకంగా. ముందుగా చూడవలసింది కనుగుంటలు, గడ్డం కింది నీడ. అక్కడ ఏదో ఒక ఆకారం కనిపిస్తోందా, లేక వట్టి ఫిల్మే మిగిలిందా? వట్టి ఫిల్మే అయితే ఆ వివరం నమోదే కాలేదు. దాన్ని లాగబోతే స్కాన్‌లో బురద రంగూ, గరుకుదనమూ తప్ప ఏమీ రావు.

తర్వాత ఫిల్ము అంచును చూడండి. అక్కడి అక్షరాలూ ఫ్రేము నంబర్లూ మీ కెమెరా వేసినవి కావు, ఫ్యాక్టరీలోనే కాంతితో అచ్చయినవి. కాబట్టి అవి డెవలపింగ్‌కు, అంటే ఫిల్ము కడిగిన తీరుకు సాక్ష్యం. అంచు అక్షరాలు చిక్కగా ఉండి ఫ్రేములు పలచగా ఉంటే లోపం మీ ఎక్స్‌పోజర్‌ది, అంటే తీసేటప్పుడు ఫిల్ముకు ఇచ్చిన కాంతిది. అక్షరాలు కూడా వెలవెలబోతుంటే ముందుగా డెవలపింగ్‌ను అనుమానించాలి. ల్యాబ్‌తో గొడవపడే ముందు ఈ అంచును ఒకసారి చూసుకోవడం మంచిది.

చర్మపు రంగు విషయంలో కూడా స్కాన్‌ను గుడ్డిగా నమ్మవద్దు. రంగులు సరిచూసుకోవడానికి ల్యాబ్‌లు దశాబ్దాల పాటు వాడిన కొడాక్ ‘షర్లీ కార్డు’ల మీద ఉన్నవి తెల్లజాతి మహిళల ముఖాలే. ఈనాటి యంత్రాలు మెరుగే అయినా, ముదురు చర్మాన్ని అవసరం లేకపోయినా లేతరంగులోకి మార్చే అలవాటు ఆటోమేటిక్ సవరణల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. సవరణలు లేని స్కాన్ ఇమ్మని అడగండి.

అపోహ: కాంతిని కొలిచే మీటర్ చెప్పినట్టు పెడితే చాలు.

వాస్తవం: మీటర్‌కు ముఖమంటే తెలియదు. ఎదురుగా ఉన్నది ఏదైనా మధ్యస్థమైన బూడిద రంగే అనుకుని లెక్క చెబుతుంది. తెల్లచొక్కా వేసుకున్న మనిషి కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే, కెమెరాలోని మీటర్ ఆ చొక్కానూ కిటికీనీ చూసి కాంతిని తగ్గించమంటుంది. ముఖం రెండు మూడు స్టాప్‌లు కిందికి పోతుంది.

దగ్గరికి వెళ్లి, మీ నీడ పడకుండా, చెంప మీదే రీడింగ్ తీసుకోండి. ఆపైన సవరణ మీ చేతిలో పని: బాగా తెల్లని చర్మానికి ఒక స్టాప్ పెంచాలి, చామనఛాయకు ఉన్నదున్నట్టు ఉంచాలి, బాగా నల్లని చర్మానికి ఒక స్టాప్ తగ్గించాలి. కలర్ నెగెటివ్ వాడుతుంటే ఆ చివరి సవరణ మానేసినా ఫరవాలేదు, ఒక స్టాప్ ఎక్కువైతే అది హాయిగా తట్టుకుంటుంది. 400 వేగం ఉన్న కలర్ నెగెటివ్ ఫిల్ము పోర్ట్రా 400ను చాలామంది మీటర్‌లో 200గా పెట్టుకుని, అంటే ఒక స్టాప్ ఎక్కువ కాంతితో తీసేది నీడల్లో వివరం నిలవాలనే. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మనే ఇచ్చే స్లైడ్ ఫిల్ముకు ఆ ఓర్పు లేదు, ఎక్కువైన ఒక్క స్టాప్‌తోనే నుదుటి మీది మెరుపు తెల్లగా పాలిపోతుంది. చేతి మీటర్ ఉంటే దాని తెల్లని గోళాన్ని ముఖం ముందు ఉంచి కెమెరా వైపు తిప్పండి. అది పడే కాంతినే కొలుస్తుంది కాబట్టి చర్మపు రంగుతో దానికి నిమిత్తం లేదు.

అపోహ: కాంతి చాలకపోతే పుష్ చేయిస్తే, అంటే డెవలపింగ్ సమయం పెంచిస్తే సరిపోతుంది.

వాస్తవం: డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచితే మధ్య టోన్లూ వెలుగులూ పైకి లేస్తాయి, కాంట్రాస్టు పెరుగుతుంది. కాంతే తగలని నీడ మాత్రం దాదాపు అలాగే ఉండిపోతుంది.

అపోహ: ముఖానికి 85 మి.మీ. లెన్సే కావాలి, అదీ దాని అపెర్చర్ (కాంతి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి.

వాస్తవం: ముక్కు పెద్దదిగా కనిపించడం లెన్సు వల్ల కాదు, దూరం వల్ల. రెండు మీటర్ల నుంచి 50 మి.మీ.తో తీసి కత్తిరించినా ముఖపు తీరు అక్కడినుంచే 85తో తీసినట్టే ఉంటుంది. ఇక పూర్తిగా తెరవడం సంగతి: 85 మి.మీ. లెన్సును ఎఫ్/1.4 వద్ద ఒక మీటరు దూరం నుంచి వాడితే స్పష్టంగా ఉండే లోతు దాదాపు ఒక సెంటీమీటరే. ఎదుటి మనిషి ఊపిరి తీసుకుంటేనే కన్ను ఆ లోతు దాటిపోవచ్చు, ఫిల్ము కడిగేదాకా మీకు తెలియదు. రంధ్రాన్ని ఎఫ్/4కు కుదిస్తే మూడు సెంటీమీటర్ల పైచిలుకు దొరుకుతుంది.

అపోహ: ఫిల్ము నెమ్మదిగా పని చేయిస్తుంది కాబట్టి దానంతటదే నేర్పుతుంది.

వాస్తవం: నిజానికి ఫిల్ము నేర్చుకోవడాన్ని కష్టం చేస్తుంది. తీసిన రోజుకూ ఫలితం చూసే రోజుకూ మధ్య వారాలు గడుస్తాయి, అప్పటికి ఏ ఫ్రేముకు ఏం చేశామో గుర్తుండదు. డిజిటల్ కెమెరా తానే రాసిపెట్టే వివరాలు ఇక్కడ మనం రాసుకోవాలి: ఫ్రేము నంబరు, అపెర్చర్, షట్టర్, రీడింగ్ ఎక్కడ తీసుకున్నాం, వెలుగు ఎటునుంచి వచ్చింది. కూర్చున్న మనిషితో ఏం మాట్లాడుతున్నామో కూడా రాస్తాను, అది అపెర్చర్ కంటే ఎక్కువసార్లు పనికొచ్చింది. ఫిల్మూ లెన్సూ కిటికీ ఒకే రోలులో మారిస్తే ఫలితానికి కారణం ఏదో తేలదు. ఒకసారికి ఒక్కటే మార్చండి.

అపోహ: బాగా వచ్చినవే చూసుకుంటే చాలు.

వాస్తవం: కాంటాక్ట్ షీట్ వేయండి. ముప్పై ఆరు ఫ్రేములూ ఒకే కాగితం మీద, తీసిన వరుసలోనే ఉంటాయి. బిగుసుకున్న భుజాలు ఏ ఫ్రేములో వదులయ్యాయో కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు మీటలు సవరించుకుంటూ రెండు అడుగులు వెనక్కి జరిగారనీ తెలుస్తుంది. ప్రతిసారీ మోచేయి దగ్గరే కత్తిరించడం, ఎప్పుడూ మీ కంటి ఎత్తు నుంచే తీయడం వంటి అలవాట్లు ఒక్క ఫొటోలో బయటపడవు, షీట్ నిండా పరచుకుని ఉంటాయి. ఎర్ర గ్రీజు పెన్సిలుతో ఇవాళ గుర్తులు పెట్టండి, కొన్ని వారాల తర్వాత వేరే కాగితం మీద మళ్లీ ఎంచుకోండి. రెండు జాబితాల్లోనూ నిలిచినవాటినే పెద్దవి చేయించండి.

వీధి ఛాయాగ్రాహకుడు గ్యారీ వినోగ్రాండ్ తీసినప్పటి ఉత్సాహం ఎంపికను చెడగొట్టకూడదని రోళ్లను చాలాకాలం పక్కన పెట్టేవారు. 1984లో ఆయన మరణించేనాటికి సుమారు 2,500 రోళ్లు కడగకుండానే ఉండిపోయాయి కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఆయన్ని పూర్తిగా అనుసరించనక్కర్లేదు.

అపోహ: గడువు తీరిన ఫిల్ము ముఖాలకు కొత్త అందం ఇస్తుంది.

వాస్తవం: వేగం తగ్గుతుంది, పొగమంచులాంటి మసక పెరుగుతుంది, రంగులు పక్కదారి పడతాయి. ఎంత మేరకన్నది ఆ రోలు ఏ వేడిలో నిలవ ఉందో దాన్నిబట్టి మారుతుంది. సరదాకు తీసుకోవచ్చు. వచ్చిన తేడా మీ వల్లో ఫిల్ము వల్లో చెప్పలేం కనుక, నేర్చుకునే రోళ్లలో దాన్ని కలపవద్దు.