పేనుబంకకి కొట్టే మందు

డ్రగ్స్ అనగానే ఏజెన్సీ నుంచి దిగే గంజాయి మూటలే కళ్ళ ముందుకొస్తాయి. గూట్లో ఉన్న చుట్టల కట్ట ఎవరికీ గుర్తు రాదు. గోదావరి ఒండ్రులో పండే లంక పొగాకు ఘాటుకి పెట్టింది పేరు. అందులో మనిషిని కట్టిపడేసేది నికోటిన్.

మొక్క దాన్ని మన కోసం తయారు చేసుకోలేదు, ఆకు కొరికే పురుగు కోసం చేసుకుంది. పేనుబంక పడితే పొగాకు కషాయం కొట్టడం రైతులకి తెలిసిన పనే. నరాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ కూర్చునే చోట నికోటిన్ వచ్చి కూర్చుంటుంది. ఎసిటైల్‌కోలిన్ పని కాగానే ఒక ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. నికోటిన్ జోలికి అది పోదు. నరాలు ఆగకుండా కొట్టుకుని పురుగు చస్తుంది.

చిక్కేమిటంటే అలాంటి చోట్లు మన నరాల్లోనూ ఉన్నాయి. కడుపులో బిడ్డ మెదడులో తొలి నెలల్లోనే ఏర్పడతాయి. ఏ కణం దేనితో కలవాలో తేలడంలో ఆ కబుర్లకీ పాత్ర ఉంది. తల్లినీ బిడ్డనీ కలిపే మాయకి నికోటిన్‌ని ఆపడం చేతకాదు.

"నేను కాల్చను కదా, బుగ్గన పెట్టుకుంటానంతే" అంటారు కొందరు గర్భిణులు. వేవిళ్ళప్పుడు వికారం తగ్గుతుందని కిళ్ళీలో ఇంత జర్దా వేయించుకునేవాళ్ళూ ఉన్నారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. ఆ బాధ వీళ్ళకి తప్పుతుంది, నిజమే. నికోటిన్ మాత్రం తప్పదు. ముంబైలో 1,217 మంది గర్భిణులని గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పొగ లేని పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ తూగారు. ఇంతేనా అనిపిస్తుంది. అసలే రెండున్నర కిలోల గీత దగ్గర ఊగిసలాడే బిడ్డకి అది చిన్న లెక్క కాదు. నెలలు నిండకుండా కాన్పులు, కడుపులోనే బిడ్డ పోవడం కూడా పొగాకు వాడే తల్లుల్లో ఎక్కువ.

హెరాయిన్ లాంటివి వాడిన తల్లుల బిడ్డలు పుట్టిన రెండు మూడు రోజుల్లో వణుకుతూ, కీచుగా ఏడుస్తూ, పాలు పట్టక అవస్థ పడతారు. వాళ్ళని "మత్తు పిల్లలు" అనడం నాకు నచ్చదు. తల్లి ద్వారా అందిన మత్తుమందు ఆగిపోయి శరీరం పడే బాధ అది, పసివాడికి అలవాటేమిటి?

గర్భం తొలి సగంలోనే పొగ మానేస్తే బిడ్డ బరువు చాలావరకు కోలుకుంటుంది. ఆ తర్వాత మానినా కొంత మేలే. కానీ చెకప్‌లో బీపీ, షుగర్ అడిగినంత తేలికగా పొగాకు సంగతి అడగరు. అడిగినా, పక్కన అత్తగారుంటే కోడలు నోరు విప్పదు. ఇక ఆ అత్తగారినే చుట్ట పట్టుకుని కాసేపు వీధరుగు మీద కూర్చోమని చెప్పాలంటే, అది ఏ డాక్టరుకీ చేతకాని పని.