పాడి గేదెల వంశం లెక్కలు: అపోహలు - వాస్తవాలు

పశువైద్యుడిగా ఊళ్లు తిరుగుతుంటే ప్రతి పాకలోనూ ఇవే మాటలు వినిపిస్తాయి. వీటిని నమ్మి రైతులు అప్పు చేసి మరీ గేదెల్ని కొంటున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: తల్లి ఎన్ని పాలిస్తే పడ్డ (దాని ఆడదూడ) కూడా అన్ని పాలిస్తుంది.

వాస్తవం: పాల విషయంలో పశువుకీ పశువుకీ మధ్య కనిపించే తేడాలో దాదాపు నాలుగో వంతే జన్యువుల వల్ల వస్తుంది. ఈ వాటానే హెరిటబిలిటీ అంటారు. మిగతా తేడా మేత, దాణా, ఎన్నో ఈత, ఏ కాలంలో ఈనింది, పొదుగువాపు వచ్చిందా లాంటి వాటివల్ల వచ్చేదే.

లెక్క వేసి చూద్దాం. మీ మంద సగటు ఈతకు 1,600 లీటర్లు అనుకోండి. ఒక గేదె 2,600 ఇచ్చింది, అంటే 1,000 ఎక్కువ. అందులో జన్యువుల వాటా 250. తల్లి నుంచి దూడకు వచ్చేది సగమే కాబట్టి 125. దున్న మామూలుదైతే ఆ పడ్డ నుంచి ఆశించాల్సింది 1,725 లీటర్లు. ఇది కూడా సగటు అంచనాయే. తల్లిలోని ఏ సగం దూడకు వెళ్తుందో ఒక్కో కాన్పుకీ మారిపోతుంది, అందుకే సొంత అక్కచెల్లెళ్లు కూడా ఒకేలా పాలివ్వవు.

పిల్లలు ఇలా సగటు వైపు జరగడాన్ని రిగ్రెషన్ అంటారు. 1886లో బ్రిటిష్ శాస్త్రవేత్త గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తునీ పిల్లల ఎత్తునీ పోల్చి చూపించింది ఇదే. ఇది తెలియక, జాతి పాడైపోయిందని బంగారం లాంటి పడ్డల్ని సంతకు తోలేసినవాళ్లను చూశాను. ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: దున్నపోతు పాలిస్తుందా ఏంటి, ఏదైతేనేం?

వాస్తవం: పడ్డలో సగం దానిదే. పైగా గేదె బతుకంతా కలిపి ఐదారు దూడల్ని ఇస్తే, ఒక దున్న వీర్యంతో వేల దూడలు పుడతాయి. దాని సత్తా కూతుళ్ల పాలు కొలిస్తేనే బయటపడుతుంది. ఒక్క కూతురి పాలు చూసి వేసే అంచనాకు కచ్చితత్వం 1కి 0.25 మాత్రమే. పదిమంది కూతుళ్లైతే 0.63, యాభై మందైతే 0.88. కాబట్టి "ఫలానా దున్నకు పుట్టిన పడ్డ పూటకు ఎనిమిది లీటర్లు ఇస్తోందట" అన్న ఒక్క మాట మీద దున్నని ఎంచుకోకండి.

అపోహ: వరసగా మగదూడలే వేస్తోంది, ఈ గేదెలో ఏదో లోపం ఉంది.

వాస్తవం: ఆడా మగా తేల్చేది దున్న వీర్యకణం. నాలుగు ఈతలూ మగవే అయ్యే అవకాశం 16లో 1. ఐదో ఈతకీ సగం సగమే. పెయ్యే కావాలంటే ఆడ, మగ కణాలు వేరుచేసిన వీర్యం వాడొచ్చు, అందులో పెయ్య పుట్టే అవకాశం సుమారు 90 శాతం.

అపోహ: మంచి దున్న దొరికితే ఊళ్లో దాన్నే ఉంచుకోవాలి.

వాస్తవం: పడ్డ ఎదకు రావడానికి రెండున్నర, మూడేళ్లు పడుతుంది. అప్పటికీ అదే దున్న తిరుగుతుంటే కూతుర్ని తండ్రితో దాటించినట్టే. ఆ దూడకు అంతఃప్రజననం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రెండుసార్లు వచ్చే అవకాశం, 25 శాతం. ఒకే దున్నకు వేర్వేరు గేదెల్లో పుట్టినవి కలిస్తే 12.5 శాతం, అంటే మేనమామ, మేనకోడలు పెళ్లాడితే పుట్టే బిడ్డతో సమానం. చూలు నిలవకపోవడం, దూడలు చావడం, పాలు తగ్గడం అక్కడి నుంచే మొదలవుతాయి.

కృత్రిమ గర్భధారణకు సూది వేయించినా ఇదే చిక్కు. వీర్యం నింపిన స్ట్రా పెన్ను రీఫిల్ అంత సన్నగా ఉంటుంది, దాని మీద దున్న నంబరు అచ్చు వేసి ఉంటుంది. అడిగేవాళ్లు తక్కువ. నేను వెళ్లే ఊళ్లో ఒక రైతమ్మ మాత్రం ఖాళీ స్ట్రా అడిగి తీసుకుని, ఆ నంబరు గోడ క్యాలెండర్‌లో రాసుకుంటుంది. నెలకోసారి రెండు పూటల పాలు కొలిచి అదే తేదీ గడిలో వేస్తుంది. మొన్న పొద్దున ఆమె పడ్డకి సూది వేయడానికి వెళ్తే, నేను స్ట్రాలున్న క్యాన్ మూత తీయకముందే "డాక్టరు గారూ, దీని తండ్రి నంబరు ఇది" అని చదివింది. నా దగ్గరున్నది ఆ దున్న స్ట్రాయే. సాయంత్రం వేరే దున్నది తెచ్చి వేశాను.